దుప్పటి కింద చిలగడదుంప


మేము చీడికాడ కొండ పక్క పల్లెలోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. అమ్మ ఉడకబెట్టి పంపిన చిలగడదుంపల్ని, నవ్వుతారేమోనని హాస్టల్లో దుప్పటి కింద దాచుకుని తినేవాళ్లం.

ఈ ఏడు బోటనీ క్లాసులో తెలిసింది. కంచె మీద పాకే వంగపండు రంగు పూలతీగ, మన దుంప, రెండూ ఐపోమియా జాతివే. మనిషికి క్రోమోజోములు రెండు సెట్లు, దుంపకి ఆరు సెట్లు, మొత్తం 90! 2015లో శాస్త్రవేత్తలు 291 సాగు రకాలు పరీక్షిస్తే అన్నింట్లోనూ మట్టి బ్యాక్టీరియా నుంచి వచ్చిన జన్యువులు కనబడ్డాయి. ఏ ల్యాబూ పెట్టలేదు, ఎప్పుడో ప్రకృతే పెట్టింది.

తీగ ముక్క నాటితే తల్లి మొక్క జన్యువులే పిల్లకీ వస్తాయి. అంటే ఏటేటా తీగ కోసి నాటిన మా అమ్మమ్మలే ఆ జన్యువుల్ని కాపాడారు.

మొన్న మూట అందరి ముందే విప్పాం. మీ ఊళ్లో ఎన్ని రకాల దుంపలున్నాయో పెద్దోళ్లని అడిగి రాయండి. తీగ ఆగిపోతే ఆ రకమూ పోతుంది.