వాషర్ల సంసారం

తెనాలిలో దొరకనిది లేదంటారు. బోసు రోడ్డున ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లొస్తే పెళ్లికి కావలసినవన్నీ సంచిలో పడిపోతాయి, ఆ మాట నిజమే. ఆ పెళ్లయిన పిల్ల కాపురంలో కుక్కరు గ్యాస్కెట్టు సాగిపోయినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

గ్యాస్కెట్లు ఊరంతా వేలాడుతూనే ఉంటాయి. మన కుక్కరుకి పట్టేదే ఉండదు. మూత లోపలికి దూరేదా, పైన కూర్చునేదా, మూడు లీటర్లదా, అయిదు లీటర్లదా, ఏ కంపెనీది... అన్నీ ఓపిగ్గా చెప్పించుకుని కొట్టతను ఆఖర్న అడిగేది ఒకటే. "పాతది తెచ్చారా అమ్మా?" అందుకని మా పేటలో ఆడవాళ్ల హ్యాండుబ్యాగుల్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక పాత రబ్బరు ముక్క ఉంటుంది, కందిపప్పు వాసన కొడుతూ.

రబ్బరు తప్పు కూడా లేదనుకోండి. కుక్కర్లో ఆవిరి వేడి దాదాపు 120 డిగ్రీలు. రెండు పూటలా అందులో ఉడికితే ఏదయినా సాగుతుంది. సాగాక విజిల్ రాదు, ఆవిరంతా పక్కలనుంచి పోతుంది, పప్పు పలుకుగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి తీస్తే బిగుస్తుందని పక్కింటి పిన్నిగారి వైద్యం. పనిచేస్తుంది కూడా, మరుసటి పూట దాకా.

సంసారాన్ని నిలబెట్టేది ఓర్పనీ సర్దుబాటనీ పెద్దవాళ్లు చెబుతుంటారు. నా లెక్కలో మాత్రం రబ్బరు వాషర్లు. గ్యాసు సిలిండర్ మూతిలో చూడండి, చిటికెన వేలి గోరంత రింగు ఉంటుంది. 14.2 కిలోల గ్యాసు దాని దయమీద ఉంది. అది చీలితే రెగ్యులేటరు ఎంత బిగించినా వాసన ఆగదు. ఆ వాసనయినా గ్యాసుది కాదు, లీకయితే మనకి తెలియాలని కలిపిన మందుది. సిలిండర్ తెచ్చిన కుర్రాడు సీలు ఊడదీసి, తూకం చూపించి, రింగు చూసి వెళ్లాలి. అతను చూసేది ఓటీపీ ఒక్కటే. "లీకవుతోంది నాయనా" అని వెనక్కి పిలిస్తే, "ఏం లేదమ్మా, మీకు జలుబు చేసుంటుంది" అన్నాడు. జలుబు చేస్తే వాసనలు ఎక్కువ తెలుస్తాయని ఎక్కడ నేర్చుకున్నాడో! సబ్బు నురగ పూసి బుడగలు చూపించాక గాని నమ్మలేదు. నమ్మి, జేబులోంచి ఒక రింగు తీసి వేశాడు. అంటే జేబులో ఉంది. అదీ నా బాధ.

సిలిండర్ పైన పట్టీల మీద ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరమూ పక్కన సంవత్సరమూ వేసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు అది. నేను తప్పకుండా చూస్తాను. నేను చూస్తున్నంతసేపూ ఆ కుర్రాడు నావైపు జాలిగా చూస్తాడు.

ఇక కుళాయి. పెరట్లో మాది పాత ఇత్తడి కుళాయి, మా అత్తగారి నాటిది. కట్టేసినా చుక్కలు కారుతుంది. ప్లంబరుకి ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నానమ్మా, కాలవ దగ్గరున్నా" అంటాడు. మా ఊళ్లో కాలవలు మూడు. ఏ కాలవ అని అడిగితే కోపం వస్తుంది. కోపం వస్తే అసలు రాడు. వచ్చిన రోజున కుళాయి వంక ఒక చూపు చూసి, "ఇది పీకేసి కొత్తది పెట్టించుకోండమ్మా" అన్నాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయీ అదే మాట, ఫోన్లో.

కొత్తది కొనలేక కాదు. కొత్త కుళాయిల్లో వాషరు ఉండదు, లోపల సెరామిక్ కార్ట్రిడ్జి అని ఒకటుంటుంది. మెత్తగా తిరుగుతుంది, చక్కగా ఉంటుంది. అది పాడయితే మాత్రం ఆ ఒక్కటీ తెచ్చి వెయ్యడం మా ఊళ్లో అయ్యే పని కాదు. కుళాయి మొత్తం మార్చాలి. ఈ ఇత్తడిదానికి అర అంగుళం వాషరు పడేస్తే ఇంకో రెండేళ్లు నోరెత్తదు. పీకెయ్యమని చెప్పేవాడికి మార్చే ఓపిక లేదంతే, కుళాయికి రోగమేమీ లేదు.

ఆ వాషర్లు ఒక్క ఇనప సామాన్ల కొట్లోనే ఉన్నాయి. కొట్టు పెద్దాయన వాటిని పాత పౌడరు డబ్బాల్లో సైజులవారీగా పోసుకుని కూచుంటాడు. పాతది బొటనవేలి గోరు మీద పెట్టుకుని చూసి, డబ్బా మూత తీస్తాడు. స్కేలు పట్టగా ఎవరూ చూడలేదు, తప్పిందనీ ఎవరూ అనలేదు. ఇంత విద్య ఉన్న మనిషి దగ్గర చిల్లర మాత్రం ఉండదు. రెండు రూపాయల సరుక్కి పది కాగితం ఇస్తే, "మిగతాదానికి ఇంకో నాలుగు తీసుకెళ్లమ్మా, పడుంటాయి" అంటాడు. పడే ఉన్నాయి, వంటింటి సొరుగు నిండా. అవసరమైన రోజున ఒక్కటీ పట్టదు.

మా అబ్బాయి ఊరుకోక ఆన్‌లైన్లో తెప్పించాడు. చెప్పుల జత పట్టేంత అట్టపెట్టెలో వచ్చాయి. అన్నీ ముప్పావు అంగుళానివి. వాటినీ సొరుగులోనే పడేశాను.

ఈ వారం మిక్సీ వంతు. జారు అడుగున బుష్ అరిగి, చట్నీ వేస్తుంటే నల్లటి నీళ్లు కారుతున్నాయి. బాగుచేసే అతను సాయంత్రం నాలుగు దాటితే గాని కొట్టు తియ్యడు, తీసినా పెళ్లిళ్ల రోజుల్లో ఉండడు, ఎందుకంటే సన్నాయి వాయిస్తాడు. ఇది పెళ్లిళ్ల కాలం. అందాకా పచ్చడి రోట్లోనే. రోటి పచ్చడి రుచి మిక్సీకి రానే రాదని మావారు రోజూ మెచ్చుకుంటున్నారు. రుబ్బే మనిషి తను కాదుగా.