ఒకే రేకు... ఎన్నో రంగులు!

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పేరు మనలో ఎందరికి తెలుసు? ముద్రణ చిత్రకళ నేర్చుకునేవాళ్లకు మాత్రం దేశదేశాల్లోనూ తెలుసు.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారాయన. తర్వాత పారిస్‌లో హేటర్ నడిపే 'అటెలియె 17' అనే ముద్రణ వర్క్‌షాపులో చేరారు. అప్పట్లో రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే మామూలుగా రంగుకో రేకు చెక్కాలి. కాగితాన్ని ఒక్కోదానిమీదా అద్దాలి. వెంట్రుకవాసి జరిగినా శ్రమంతా వృథా! అన్ని రంగులూ ఒకే రేకుమీంచి, ఒకేసారి రాలేవా?

హేటర్, కైకో మోతీలతో కలిసి ఆయన దారి కనిపెట్టారు. శిల్పి కదా, లోహపు రేకును ఎత్తుపల్లాలుగా చెక్కారు. నూనె కలిపి పలుచన చేసిన రంగును గట్టి రోలరుతో పైభాగానికి పూశారు. చిక్కటి రంగును మెత్తటి రోలరుతో లోతుల్లోకి పంపారు. పలుచటి రంగుకు చిక్కటిది అంటుకోదు... అదే కిటుకు!

ఆ కిటుకును ఆయన దాచుకోలేదు. పారిస్‌లో, ఆ తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏళ్లతరబడి నేర్పారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అచ్చు బొమ్మకు ప్రతులెన్నో ఉంటాయి. ఆయన విద్యకూ అంతే!