పదమూడు బొడిపెల చార్మినారు

పిల్లలూ, ప్లాస్టిక్ ఇటుకలతో ఇళ్లు కట్టే ఉంటారు. ఒక ఊరి నడిబొడ్డు కట్టి చూశారా? మొన్న సెలవుల్లో నేనూ మా మనుమరాలూ హైదరాబాదు పాతబస్తీ కట్టాము.

1591లో కట్టిన చార్మినారుకు ఒక్కొక్క పక్క 20 మీటర్లు; పక్కకొక కమాను, వెడల్పు 11 మీటర్లు. మేము అన్నిటినీ 200వ వంతుకు తగ్గించాము. అంటే పక్క 10 సెంటీమీటర్లన్నమాట. మా ఇటుకల మీద బొడిపెకూ బొడిపెకూ 8 మిల్లీమీటర్లు. భాగించి చూడండి: పన్నెండున్నర బొడిపెలు! అర బొడిపె ఎక్కడ దొరుకుతుంది?

"పన్నెండు చాలు" అన్నాను. ఏళ్ల తరబడి లెక్కలు చెప్పినవాణ్ణి, నా మాటే నెగ్గింది. గోడ లేచింది. కమానుకు ఏడు బొడిపెలు వదిలితే మిగిలినవి అయిదు. ఒక వైపు రెండు, మరొక వైపు మూడు! కమాను పక్కకు జరిగిపోయింది.

"తాతయ్యా, పదమూడయితే అటు మూడు, ఇటు మూడు కదా?" అన్నది మనుమరాలు.

పన్నెండయినా పదమూడయినా తప్పు అర బొడిపెయే. కాని కమాను నడిమికి వచ్చేది పదమూడుతోనే. ఆ సంగతి నాకు తట్టలేదు. మారు మాటాడక గోడ విప్పాను.

ఉత్తరాన గుల్జార్ హౌజు, దాని చుట్టూ నాలుగు కమానులు కట్టాము. నైరుతిన మక్కా మసీదుకు ఇటుకలు చాలలేదు, అట్టముక్కతో సరిపెట్టాము.

చివరకు మనుమరాలు ఒక వడ్లగింజ తెచ్చి కమాను కింద మైనంతో నిలబెట్టింది.

"ఇది నువ్వు, తాతయ్యా! 8 మిల్లీమీటర్లు" అన్నది. తన కోసం బియ్యపు గింజ వెతకటానికి వంటింట్లోకి పరుగెత్తింది.