గుర్రుమంటోందా... ఏదో చెబుతోంది!

ఓరుగల్లు కోట చూడటానికి వెళ్తే మట్టికోట దాటాలి, ఆ తర్వాత రాతికోట దాటాలి. కాకతీయుల నాటి ఆ గోడల నడుమ ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. తమ హద్దులోకి ఎవరూ రాకూడదన్న పట్టుదల రాజులకే కాదు, గేటు వెనక కాపలా కాసే కుక్కకూ ఉంటుంది. దాని కోట మన వాకిలే!

పొద్దున్నే హన్మకొండ వైపు వస్తే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో, వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్‌కు వచ్చేవాళ్ల పక్కనే గొలుసు పట్టుకున్న లాబ్రడార్లు, పమేరియన్లు, జర్మన్ షెపర్డ్‌లు. ఒకప్పుడు మిగిలిన అన్నం తిని వాడంతా తిరిగొచ్చేది కుక్క. ఇప్పుడు అపార్ట్‌మెంట్ బాల్కనీయే దాని లోకం. వరంగల్ ఎండల్లో రోజంతా కట్టేసి ఉంచితే దానికి చిరాకు రాదా మరి!

కోపం ఎందుకు?

పాలబ్బాయి వస్తాడు. కుక్క మొరుగుతుంది. పాలు పోసి అతను వెళ్లిపోతాడు. తాను మొరిగినందుకే పారిపోయాడని కుక్క అనుకుంటుంది. మర్నాడు ఇంకా గట్టిగా మొరుగుతుంది. హద్దు కాపలా ఇలా ముదురుతుంది.

చాలాసార్లు కోపం వెనక ఉండేది భయమే. అన్నం గిన్నె లాక్కుంటారేమోనన్న బెంగ మరో కారణం. చెవిపోటు, కీళ్లనొప్పి ఉన్నా తాకనివ్వదు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండేది ఉన్నట్టుండి కరవబోతే ముందు పశువైద్యుడికి చూపించాలి. మామునూరులో పశువైద్య కళాశాల కూడా ఉన్న ఊరు మనది.

కరిచేముందు కుక్క సైగలు చేస్తుంది. ఒళ్లు బిగబట్టడం, మొహం తిప్పుకోవడం, పదేపదే పెదాలు నాకడం, ఆపైన గుర్రుమనడం. తోక ఊపినంత మాత్రాన స్నేహమనుకోవద్దు. గుర్రుమన్నందుకు కొడితే ఆ హెచ్చరిక మానేస్తుంది, భయం మాత్రం పోదు. ఈసారి చెప్పకుండానే కరుస్తుంది!

ఏం చేయాలి?

* దేన్ని చూసి రెచ్చిపోతుందో గమనించండి. అది దూరంగా ఉన్నప్పుడే ఇష్టమైన తిండి ముక్క పెట్టండి. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా దూరం తగ్గించండి.
* మూడు నెలల లోపు పిల్లగా ఉన్నప్పుడే మనుషుల్నీ, చప్పుళ్లనూ పరిచయం చేయండి.
* లిఫ్టులో, మెట్ల మీద గొలుసు తప్పనిసరి. కరిచే అలవాటుంటే మూతికి జాలీ తొడగండి.
* తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి వెళ్లనివ్వకండి. చిన్నపిల్లల్ని కుక్కతో ఒంటరిగా వదలకండి.

కరిస్తే...

సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే ఎంజీఎం ఆస్పత్రికో, దగ్గర్లోని వైద్యుడి దగ్గరికో వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం అక్కర్లేదు. ఆ పాత టీకా వాడకం మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు చేతికి కొన్ని డోసులు ఇస్తారు, గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. కుక్కకు ఏటా టీకా వేయించాల్సింది కూడా అందుకే.

కొందరు కరిచిన కుక్కను తీసుకెళ్లి ఊరవతల వదిలేసి వస్తారు. అది సమస్యను మన గుమ్మం నుంచి మరొకరి గుమ్మానికి మార్చడమే. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర వీధికుక్కల దాడిలో ఓ పసివాడు ప్రాణాలు కోల్పోయాడు. ఓరుగల్లు ఇంకా మరిచిపోలేని దుఃఖమది. ఇంట్లో పెరిగి రోడ్డున పడ్డ కుక్కకు తిండీ ఉండదు, టీకా ఉండదు, భయం మాత్రం రెట్టింపవుతుంది.

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే రోజునే పదేళ్లకు పైబడిన బాధ్యతను తెచ్చుకుంటున్నామని గుర్తుంచుకుంటే... దానికీ మేలు, వీధిలో ఆడుకునే పిల్లలకీ మేలు.