జేబులో స్వరాల పెట్టె!

అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి ముందుకెళితే, కొబ్బరితోటల నడుమ మామిడికుదురు. అప్పనపల్లి బాలబాలాజీ భక్తులకు తెలిసిన ఊరే. ఆ తోటల్లో పాట కట్టాలనిపిస్తే హార్మోనియం మోసుకెళ్లక్కర్లేదు. జపాన్ సంస్థ కోర్గ్ 2007లో తెచ్చిన కాసిలేటర్ జేబులో పట్టేస్తుంది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు చాలు. తీగల్లేవు, మీటల్లేవు... టచ్‌ప్యాడ్ మీద వేలు కుడికి జరిపితే శ్రుతి పెరుగుతుంది, పైకి జరిపితే నాదం మారుతుంది. ఎనిమిది బీట్ల ముక్కను, అంటే మన ఆదితాళం లెక్కన, తిప్పితిప్పి వినిపిస్తుంటే దానిమీద మరోటి పేర్చుకోవచ్చు.

స్కేలు ఎంచుకుంటే వేలు తడబడినా అపస్వరం రాదు. కొత్తవారికి అదే వరం. కర్ణాటక సంగీతానికి అదే చిక్కు. గమకం ఉండేది స్వరాల మధ్య జారుడులోనే మరి!

గోదావరి సీమకు ఈ చిక్కు కొత్తేం కాదు. అదే రోడ్డులో రాజోలు మీదుగా వెళ్లి, దిండి-చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. 1969లో అక్కడ పుట్టిన యు.శ్రీనివాస్ ఎంచుకున్న మాండొలిన్ కూడా పరాయి వాద్యమే. దాని నాలుగు జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు బిగించి, వాటిమీద వేళ్లు జార్చి గమకాలు పలికించారాయన. 2014లో కన్నుమూసేనాటికి అది కచేరీ వాద్యమైపోయింది.

మాండొలిన్‌కు శ్రీనివాస్ దొరికారు. ఈ బుల్లిపెట్టెకు... కోనసీమలో ఏ పిల్లాడు దొరుకుతాడో!