కౌంటరుకు అటువైపు

న్యూజెర్సీలో మా వీధి చివర ఉన్న చైనీస్ టేకౌట్ గురించి ఇరుగుపొరుగు ఫిర్యాదు ఒకటే: కౌంటర్లో ఆవిడ నవ్వదు. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చిల్లర లెక్కపెడుతూ, వెనక్కి తిరిగి వంటగదిలోకి ఆర్డరు కేకేసే మనిషికి నవ్వే తీరికెక్కడిది? అయినా శనివారం నేను నోరు తెరవకముందే గుడ్డు వద్దు, చికెన్ రసం వద్దు అని ఆవిడే చీటీ మీద రాసేసుకుంటుంది. మా ఇంటి పట్టింపులు పక్కింటివాళ్లకు కూడా ఇంతగా తెలియవు. ఇంతకంటే మర్యాద ఏం కావాలి?

ఇలాంటి కొట్ల వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1882లో అమెరికా చైనా కూలీల రాకను చట్టం చేసి ఆపేసింది. వర్తకులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1915లో ఒక కోర్టు తీర్పుతో రెస్టారెంటు యజమానులు కూడా వర్తకుల లెక్కలోకి వచ్చారు. అలా పొయ్యి వెలిగించడం కొందరికి దేశంలోకి దారి అయింది. ఆ చట్టం 1943 దాకా పోలేదు. వీసా కాగితాల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే మనవాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు.

ఆవిడ కొట్లో మూల బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటూ పెరిగిన వాళ్లబ్బాయి ఈ మధ్యే కాలేజీకి వెళ్లాడు. ఇక కొట్టు అమ్మేస్తారట. పిల్లవాడు ఈ నూనె సెగలో నిలబడకూడదనే ఆవిడ ఇన్నేళ్లూ నిలబడింది. నాకు దిగులుగానే ఉంది. ఆవిడకు మాత్రం మంచి ధర రావాలి.