శాంతినికేతనములో రెండు దినములు

మా యక్కగారి కుమార్తె శాంతినికేతనమున కళాభవనములో చిత్రలేఖనము నేర్చుకొనుటకై చేరినది. పిల్లకు వంగభాష రాదు. ఆవనూనె వంట సరిపడదు. తొలిమాసమున టెలిఫోను చేసినప్పుడెల్ల కంట తడిపెట్టుకొనెడిది. "చదువు పోయిన పోనిమ్ము, పిల్లను వెంటబెట్టుకొని వత్తము" అని యక్కగారు పట్టుపట్టగా, గడచిన వర్షాకాలమున మేమును ఆమెతో బయలుదేరితిమి.

హౌరాలో రైలెక్కి సుమారు మూడు గంటలలో బోల్‌పూరు స్టేషనున దిగితిమి. అచ్చటినుండి ఆశ్రమము దగ్గరనే యున్నది. ఎఱ్ఱమట్టి బాటలు, వానకు తడిసిన చెట్లు కన్నులకు చల్లగా నుండెను. 1863లో దేవేంద్రనాథ ఠాకూరుగారు ఈ బయలును కౌలునకు దీసికొన్నప్పుడు ఇచ్చట చెప్పుకొనదగిన నీడ ఏడాకుల పొన్న చెట్లు రెంటిదే యట. ఆయన కుమారుడు రవీంద్రుడు 1901లో ఐదుగురు విద్యార్థులతో ఇచ్చట బడి పెట్టెను. 1921లో విశ్వభారతి వెలసెను. మన బెజవాడ గోపాలరెడ్డిగారు పడుచుదనమున ఇచ్చటనే చదివి, పిదప రవీంద్రుని రచనలను తెనిగించిరి.

మేము చేరునప్పటికి సాయంకాలమైనది. కొందఱు బాలికలు నేలపై కూర్చుండి ఆలిపనలు దిద్దుచుండిరి. ఇవి మన ముగ్గులకు అక్కచెల్లెండ్రు. మనము పొడిపిండితో చుక్కలు పెట్టి గీతలు కలుపుదుము; వంగదేశపు స్త్రీలు బియ్యము నానవైచి రుబ్బిన పలుచని పిండిలో వ్రేలు ముంచి, చుక్కలు లేకయే తీగెలు, పూవులు వ్రాయుదురు. ఈ యింటివిద్యను నందలాల్ బోసుగారు కళాభవనమున చదువుగా నిలిపిరి. ఆయన కుమార్తె గౌరిగారు దానిని ఎందఱికో నేర్పిరి. పెద్ద తరగతి పిల్లలు తీగెలు సాగించుచుండగా, క్రొత్తవారు ఆకులు నింపుచుండిరి. వారిలో మా పిల్ల కనబడెను. చేతులనిండ తెలుపే. తల్లి ఆత్రముతో దరికి పోబోగా, ఆమె నోట వెలువడిన తొలిమాట, "అమ్మా, తొక్కకుము!"

మరునాడు వంగదేశపు లెక్కను శ్రావణము 22వ దినము. 1941లో రవీంద్రుడు కన్నుమూసిన దినమది. వేకువజామున విద్యార్థులు పాడుచు బాటలవెంట నడచిపోయిరి, దీనిని వైతాళికమందురు. ప్రొద్దున 1891నాటి అద్దాల మందిరమున ప్రార్థన జరిగెను. మధ్యాహ్నమునకు పిదప వృక్షారోపణము. ఈ పండుగను కవియే 1928లో ఇచ్చట నెలకొల్పెను. ఆయన పోయిన పిదప దానిని ఈ దినముననే జరుపుచున్నారు. ఒక చిన్న మొక్కను పెండ్లికూతురువలె పల్లకిలో కూర్చుండబెట్టి, గొడుగుపట్టి, ఆటపాటలతో ఊరేగించిరి. ఐదుగురు చిన్నపిల్లలు పంచభూతముల పక్షమున నిలువగా మొక్కను నాటిరి. తద్దినమునాడు ఏడ్పు మాని మొక్కకు నీళ్లుపోయు ఆచారము చూచి మా మనస్సు ద్రవించెను.

ఇచ్చటి వసంతోత్సవమునకు మూలమును ఇట్టిదే. 1907లో కవి చిన్నకుమారుడు శమీంద్రుడు తోడి బాలురతో ఋతూత్సవము జరిపెనట. ఆ యేడు ముగియకమునుపే, పదునొకండవ యేట, అతడు మరణించెను. బాలుడు పోయెను గాని అతని వేడుక నిలిచినది.

ఆ రాత్రి భోజనమువేళ మా పిల్ల ఒక బాలికను "దీదీ" యని పిలిచి చూపెను. ఇచ్చట పెద్ద విద్యార్థులనే కాక, ఉపాధ్యాయులను సైతము దాదా, దీదీ యని పిలుచుట కలదు. ఆ దీదీ మాకు గాంధీ పుణ్యాహమునుగూర్చి చెప్పెను. 1915లో గాంధీగారు వచ్చినప్పుడు, వంటవారిని, ఊడ్చువారిని నమ్ముకొనక ఎవరి పనులు వారే చేసికొనవలెనని బోధింపగా, మార్చి 10వ తేదీన ఆ పద్ధతి మొదలయ్యెను. అది కొలదికాలమే సాగినను, ఏటేట ఆ దినమున పనివారికి సెలవిచ్చి విద్యార్థులును, అధ్యాపకులును చీపుళ్లు పట్టుట ఆచారమైనది. మహాలయ అమావాస్యనాడు ఆనందబజారు జరుగును. పిల్లలు స్వహస్తములతో చేసిన వస్తువులు, వంటకములు అమ్మి, లాభమును సేవకు వినియోగింతురు.

సోదరీమణులారా! పెండ్లికి వచ్చిన చుట్టమునకు పీటవేసి కూర్చుండబెట్టినచో ఆమె చుట్టముగనే యుండును. కూరగాయలు ముందుంచి కత్తిపీట అందిచ్చినచో గడియలో ఇంటిమనిషి యగును. ఆశ్రమపు పండుగలలోని కిటుకు ఇదియే. చూచి పోవువారికి అది వేడుక. ఆకు నింపినవారికి, పల్లకి మోసినవారికి అది తమ యిల్లు. భాష రాని పిల్లకు పని యొక భాష యైనది.

బయలుదేరునప్పుడు అక్కగారు, "మాతో వత్తువా తల్లీ?" అని అడిగెను. పిల్ల కన్నులు చెమర్చినవి. "ఇంటిమీద బెంగ యింకను పోలేదమ్మా. కాని ఆనందబజారునకు పులిహోర చేయుదునని దీదీకి మాట యిచ్చితిని" అనెను.

తిరుగు రైలులో అక్కగారు చాలసేపు పలుకలేదు. వరిచేలు వెనుకకు పోవుచుండెను. తుదకు మావైపు తిరిగి, "చింతపండు, ఇంగువ పార్సెలు చేసినచో ఎన్ని దినములకు చేరునో!" అనెను.